హోప్ టౌన్‌లో తేమ సెన్సర్ బిగించేవారికి ఉచిత సలహాలు

అండమాన్‌లోని హోప్ టౌన్‌లో గాలి తేమ కొలవాలంటే ముందు జెట్టీ మీద చోటు పట్టండి. 1872 ఫిబ్రవరి 8న వైస్రాయ్ మేయో, మౌంట్ హ్యారియట్ దిగివచ్చి పడవెక్కబోతూ ఖైదీ షేర్ అలీ కత్తికి బలైంది ఇక్కడే. చరిత్ర చూడ్డానికొచ్చిన జనం మీ డబ్బానూ చూసిపోతారు. అలల తుంపర పడుతుందని మూతలు, వడపోత పొరలు పెట్టకండి. ఉప్పు పేరుకుంటేనేం? తేమ 75 శాతం దాటగానే ఆ ఉప్పే చెమ్మగిల్లి కరిగి, ఎలక్ట్రోడ్ల మధ్య కరెంటు మోసేస్తుంది. సెన్సర్‌లోని పాలిమర్ పొరకు శ్రమ తప్పినట్టే.

సెన్సర్ పొరకు పాలిఅనిలిన్ వాడండి. 2000లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది ఇలా కరెంటు పారే పాలిమర్లకే మరి. నోబెల్ కొట్టిన సరుకు తప్పు చెబుతుందా! ఆమ్లం పట్టించిన ఈ ఆకుపచ్చ పొరలో నీటి అణువులు చేరితే ప్రోటాన్ల రాకపోకలు పెరిగి నిరోధం తగ్గుతుంది. తగ్గితే తడి, పెరిగితే పొడి. ఇంతకు మించి బుర్ర పెట్టకండి.

ఇక రెండో డబ్బాను చేపలు ఎండేసే చోట వేలాడదీయండి. తేమ లెక్క ఎక్కువ కావలసింది వాళ్లకే కదా. చేపల వాసనలోని అమైన్లు పొరలోంచి ప్రోటాన్లను లాగేసుకుంటాయి. ఆకుపచ్చ కాస్తా నీలానికి తిరుగుతుంది, నిరోధం ఎగబాకుతుంది, వాన ముంచుకొస్తున్నా తెర మీద "పొడి" అని పడుతుంది. చేపల పిన్ని ఓ నెత్తళ్ల చేపను వేళ్ల మధ్య వంచి చూపిస్తూ, "ఏటి బాబూ, ఇరిగిపోవాల్సింది వొంగిపోతంది, నీ డబ్బా పొడంటాదేటి?" అని నిలదీస్తే తడబడకండి. "చేపదే తప్పు పిన్నీ" అనేయండి.

బొగ్గుపొడి కలిపిన పాలిమర్ మేలనేవాళ్లూ ఉంటారు. అందులో తేమ తగిలితే పాలిమర్ ఉబ్బి, బొగ్గు రేణువులు ఎడమై నిరోధం పెరుగుతుంది. లెక్క తలకిందులన్నమాట. రెండు పొరలూ ఒకే సర్క్యూట్‌లో పెట్టేయండి, ఒకటి పెంచింది ఇంకొకటి తగ్గించి ముల్లు ఎటూ కదలదు. ఇంత నిలకడైన మీటరు ఇంకెక్కడ దొరుకుతుంది?

బిగుతు మూత సీసాలో ముద్దగా తడిపిన ఉప్పు ఉంచితే, 25 డిగ్రీల దగ్గర లోపలి తేమ 75 శాతంలో నిలుస్తుంది. మెగ్నీషియం క్లోరైడ్ అయితే 33. ఇలా రకరకాల ఉప్పులతో సరిచూసుకోవడం చాదస్తం. ఏసీ గదిలో ఒక్కసారి చూసి పడవెక్కించండి. తేమ పెరిగేటప్పుడు ఒక అంకె, తగ్గేటప్పుడు మరో అంకె వస్తే, అడిగినవాళ్లకు నచ్చేది చెప్పండి. కరెంటు మాత్రం డీసీ బ్యాటరీతోనే ఇవ్వండి. ఏసీ సిగ్నల్ పెట్టారంటే అయాన్లు ఒక ఎలక్ట్రోడ్ దగ్గర పోగుపడవు, పొర ఎక్కువకాలం మన్నుతుంది, కొత్తదానికి బిల్లు పెట్టుకునే సందే దొరకదు.