కొరత అమ్మబడును

హైదరాబాద్‌లో ఫ్లాట్ల రేటు ఎప్పుడూ వచ్చే సోమవారమే పెరుగుతుంది. మనం సైట్ విజిట్‌కు వెళ్లేది ఆదివారం కాబట్టి ఆ ఏర్పాటు. "ఈస్ట్ ఫేసింగ్‌లో రెండే మిగిలాయి సార్, టోకెన్ వేసేయండి" అంటాడు మెడలో ట్యాగు వేసుకున్న కుర్రాడు. దసరాకు వెళ్లినా రెండే, ఉగాదికి వెళ్లినా రెండే. అక్కడ అమ్మకానికి పెట్టింది ఫ్లాట్లను కాదు, కొరతను.

ఇంతకీ కొరత దేనికి? ఆకాశానికైతే కాదు. 2006 నుంచి ఈ నగరంలో ఎఫ్‌ఎస్‌ఐకి, అంటే స్థలం మీద ఎంత కట్టుకోవచ్చన్న లెక్కకు, పరిమితే లేదు. ముందు రోడ్డు వెడల్పుగా ఉండి, చుట్టూ వదలాల్సిన జాగా వదిలితే అంతస్తు మీద అంతస్తు లేపుకోవచ్చు. అన్ని అంతస్తులు లేస్తుంటే రేటు తగ్గాలి కదా అని ఎకనామిక్స్ చదివినవాడు అడుగుతాడు. పాపం, వాడు ఇంకా అద్దింట్లోనే ఉన్నాడు.

"భూమి దొరకడం లేదండీ" అన్నది రెండో మాట. దొరక్కేం, వేలంలో దొరుకుతోంది. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్‌లో హెచ్‌ఎండీఏ ఎకరా 35 కోట్ల నుంచి పాట మొదలుపెడితే ఒక ప్లాటు 100.75 కోట్ల దగ్గర ఆగింది. అంటే ఇటుక కూడా పడకముందే గజం రెండు లక్షలు దాటేసింది. 2025 అక్టోబరులో రాయదుర్గంలో ఎకరా 177 కోట్లు పలికింది. మధ్యలో ప్రభుత్వం మారింది, పాట మారలేదు. పేదవాడి సొంతింటి కల గురించి మాట్లాడే నోటితోనే ఈ రికార్డు గురించీ గర్వంగా చెబుతారు. అమ్మేవాడు సర్కారే అయినప్పుడు రేటు పెరిగితే బాధపడాల్సింది ఎవరు? పాట ముగిసిన మర్నాడు పది కిలోమీటర్ల అవతల గుట్ట పక్కన రెండు గుంటలున్న ఆసామీ కూడా తన రేటు సవరించుకున్నాడంటే తప్పు పట్టలేం.

"ఇల్లు కట్టి చూడు" అన్న పెద్దలకు ప్రీలాంచ్ తెలియదు. ఇప్పుడు కట్టకముందే చూపిస్తారు, త్రీడీలో. రెరా రిజిస్ట్రేషన్ లేకుండా ఇలాంటి టవర్లకు ప్రకటన కూడా ఇవ్వకూడదని, అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా పది శాతానికి మించి తీసుకోకూడదని 2016 నాటి చట్టం చెబుతోంది. ప్రీలాంచ్‌లో మాత్రం వంద శాతం ఒకేసారి కట్టేసినవాడికే పెద్ద డిస్కౌంటు. చట్టాన్ని ఎంత మీరితే అంత రాయితీ అన్నమాట. ఆ డబ్బుతో బిల్డరు స్థలం కొంటాడో, ఇంకో ప్రీలాంచ్‌కు హోర్డింగులు పెడతాడో అడగడం మర్యాద కాదు.

మాడల్ ఫ్లాటు చూశారా? పిల్లల గదిలో మంచం ఉంటుంది, బీరువా ఉండదు. బీరువా పెడితే తలుపు తెరుచుకోదు. కరపత్రంలో 1,650 ఎస్‌ఎఫ్‌టీ అని ఉంటుంది. టేపు పట్టుకుని గోడ నుంచి గోడకు కొలిస్తే పదకొండు పన్నెండు వందల దగ్గర టేపు ఆగిపోతుంది. మిగతాది కారిడార్, మెట్లు, లిఫ్టు, క్లబ్ హౌసులో మన వాటా. ఇడ్లీ తిన్నవాడి బిల్లులో చెయ్యి కడుక్కున్న కుళాయినీ తూకం వేసి కలిపినట్టు. కార్పెట్ ఏరియా లెక్కన అమ్మాలని అదే రెరా చెబుతోంది. కాగితం మీద ఆ అంకె ఉంటుంది కూడా, నోటితో మాత్రం ఎవరూ పలకరు. దీని మీద ఫ్లోర్ రైజు, కార్నర్ ప్రీమియం, పార్కింగ్, కార్పస్ ఫండు. నాకు వీటిలో బాగా నచ్చింది ఫ్లోర్ రైజు. పైకి పోయేకొద్దీ గాలికి కూడా రేటు కట్టారు.

నిజమైన కొరత ఒకటుంది, దాని గురించి ఏ హోర్డింగూ మాట్లాడదు. 2019 ఏప్రిల్ నుంచి 45 లక్షలకు మించకుండా, హైదరాబాద్ లాంటి నగరాల్లో 60 చదరపు మీటర్ల కార్పెట్ ఏరియాకు మించకుండా కడుతున్న ఫ్లాటుకు జీఎస్టీ ఒక్క శాతమే. 60 చదరపు మీటర్లంటే దాదాపు 645 ఎస్‌ఎఫ్‌టీ. కోకాపేట వైపు వెళ్లి ఆ సైజులో, ఆ ధరలో చూపించమని అడగండి. కుర్రాడు నవ్వడు, ట్రైనింగ్ బాగా ఇచ్చారు. "ఉన్నాయి సార్, సదాశివపేట దాటాక. రీజనల్ రింగ్ రోడ్డు పడితే ఆఫీసుకు నలభై నిమిషాలే" అని, మన ఫోన్ నంబరు రాసుకుంటాడు.