పరాయి గ్రూపులో పాగా వేయడం ఎలా?

ఎదుటి పార్టీవాళ్ల వాట్సాప్ గ్రూపులో దూరి, లోపలినుంచే దాన్ని చెడగొట్టడం ఇప్పుడు మన దగ్గర ఇంటింటి విద్య. మెదక్ పట్టణాన్నే తీసుకోండి. పార్టీకో గ్రూపు, వార్డుకో గ్రూపు, కులానికో గ్రూపు, పదో తరగతి బ్యాచ్‌కో గ్రూపు. మనవాడొకడు వాళ్లదాంట్లో ఉంటాడు, వాళ్లవాడొకడు మనదాంట్లో ఉంటాడు. ఇంతమంది ఇంత శ్రద్ధగా చేస్తున్న పనికి తెలుగులో ఒక కరదీపిక లేకపోవడం లోటే. అమెరికావాళ్లు ఈ లోటు 1944లోనే తీర్చుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో వాళ్ల గూఢచారి సంస్థ ఓఎస్ఎస్, శత్రువు చేతిలో ఉన్న దేశాల్లో సామాన్యులు చేయదగ్గ విధ్వంసం మీద ఒక చిన్న పుస్తకం వేసింది. అందులో యంత్రాలను, రైళ్లను పాడుచేసే సంగతులు ఇప్పుడు మనకు అక్కర్లేదు. సమావేశాలను పాడుచేసే భాగం మాత్రం చిరంజీవి. వీలైనంత సేపు మాట్లాడాలి, సంబంధం లేని విషయం తేవాలి, నిన్న తేలిన మాటను ఇవాళ తిరగదోడాలి, ప్రతి పదం మీదా పేచీ పెట్టాలి. మనవాళ్లు జీతమూ శిక్షణా లేకుండా, పరాయి గ్రూపుల్లోనే కాక సొంత గ్రూపుల్లో కూడా రోజూ చేస్తున్నది ఇదే. అయినా స్థానిక అవసరాలకు తగ్గట్టు కొన్ని సూచనలు.

ముందు ప్రవేశం. దీనికి చెమటోడ్చక్కర్లేదు. ఎన్నికల ముందు ఏ కార్యకర్తకైనా ఎంతమందిని చేర్చాడన్నదే లెక్క, ఎవరిని చేర్చాడన్నది కాదు. 2022 నుంచి ఒక్కో గ్రూపులో 1,024 మంది పడుతున్నారు కాబట్టి లింకు వాళ్లే వెతికి మరీ మీకు పంపుతారు. చేరాక వాళ్ల నాయకుడి బొమ్మ డీపీగా పెట్టండి. కొన్నాళ్లపాటు శుభోదయాలు, ఏడుపాయల జాతర శుభాకాంక్షలు తప్ప ఏమీ పంపకండి. క్రిస్మస్‌కు మెదక్ చర్చి ఫొటో పంపాలా వద్దా అన్నది గ్రూపును బట్టి తేల్చుకోండి. అక్షరదోషాలు మాత్రం దిద్దకండి. దిద్దేవాడి మీదే అందరికీ ముందు అనుమానం వస్తుంది.

రెండో సూచన ఈ విద్యకు ఆయువుపట్టు. ఎప్పుడూ ఎదురు వాదించకండి, మాట మళ్లించండి. ఎదురు వాదిస్తే గ్రూపు ఏకమవుతుంది, మళ్లిస్తే చెదిరిపోతుంది. చైనా ప్రభుత్వం తన మనుషులతో రాయించే వ్యాఖ్యల మీద గ్యారీ కింగ్, జెన్నిఫర్ పాన్, మార్గరెట్ రాబర్ట్స్ అనే ముగ్గురు పరిశోధకులు 2017లో ఒక అధ్యయనం ప్రచురించారు. అలాంటివి ఏటా దాదాపు 44.8 కోట్లు ఉంటాయని వాళ్ల అంచనా. అవి విమర్శకులతో తగువు పెట్టుకోవట. జనం ఏదో ఒక విషయం మీద కూడుకుంటారనిపించినప్పుడు గుంపుగా వచ్చి వేరే సంగతి ఎత్తుకుంటాయట. అంత పెద్ద రాజ్యం ఎంచుకున్న పద్ధతిని మనం కాదనడానికి లేదు.

మెదక్‌లో దీన్ని అమలు చేయడానికి మంబోజిపల్లి చక్కెర ఫ్యాక్టరీని మించిన సరుకు దొరకదు. పాత కార్మికుడెవరో గ్రూపులో "ఫ్యాక్టరీ ఎప్పుడు తెరుస్తరు సారూ, మా పైసల సంగతేంది?" అని అడిగాడనుకోండి. ఇది ప్రమాదకరమైన ప్రశ్న. తారీఖు అడుగుతోంది, డబ్బు అడుగుతోంది. కాస్త ఊపు దొరికితే పదిమంది కలిసి కలెక్టరేట్‌కు పోయినా పోతారు. కాబట్టి ఆలస్యం చేయకుండా "అసలు అమ్మిందెవరన్నా?" అని ఒక్క ముక్క వేయండి. 2002లో ఈ ఫ్యాక్టరీతో సహా నిజాం షుగర్స్‌ను ప్రైవేటుకు అప్పగించింది తెలుగుదేశం ప్రభుత్వమని ఒకరు చెబుతారు. తర్వాత పదేళ్లు ఏలిన కాంగ్రెస్ సభాసంఘం వేసి ఏం సాధించిందని ఇంకొకరు అడుగుతారు. స్వాధీనం చేసుకుంటామన్న టీఆర్ఎస్ హయాంలోనే 2015 డిసెంబరులో బోధన్, ముత్యంపేట, మంబోజిపల్లి మూడూ మూతపడ్డాయి కదా అని మరొకరు అందుకుంటారు. 2024 జనవరిలో ఇప్పటి ప్రభుత్వం వేసిన కమిటీ సంగతేమిటని నాలుగో మనిషి నిలదీస్తాడు. అన్నీ నిజాలే. ఈ సూచన అందమంతా అక్కడే ఉంది. ఒక్క అబద్ధం ఆడకుండా, ఒక్క ఫొటో మార్చకుండా, ఉత్త చరిత్రతో ప్రశ్నను పాతిపెట్టవచ్చు. ఆ ఫ్యాక్టరీ పాపంలో ఇన్ని పార్టీలకు వాటా ఉంది కాబట్టి ఏ గ్రూపులోనైనా ఇది పారుతుంది. పొద్దుగూకేసరికి వందల మెసేజ్‌లు పడతాయి. కార్మికుడి ప్రశ్న ఎక్కడో పైన ఉంటుంది, అంతదాకా వేలితో జరిపే ఓపిక ఎవరికీ ఉండదు. మర్నాడు ఆయన మళ్లీ అడిగితే "నిన్ననే మాట్లాడుకున్నం కదనే" అనండి.

ఇక్కడ కాసేపు వెటకారం పక్కన పెట్టక తప్పదు. ఆ మొదటి ముక్క వేసినవాడు కోవర్టే కావచ్చు. ఆ తర్వాతి వందలూ వేసింది మనమే. నిజానికి చాలాసార్లు మొదటిది కూడా మనవాడే వేస్తాడు, దానికి చప్పట్ల బొమ్మలు మనమే పెడతాం. అడిగినదానికి జవాబు వెతకాలంటే ఎవరికో ఫోన్ చేయాలి, కాగితాలు చూడాలి, తెలియదని ఒప్పుకోవాలి. పక్క పార్టీ పాపం ఎత్తిచూపడానికి అవేవీ అక్కర్లేదు. ఆ సుఖం మరిగిన గ్రూపును చెడగొట్టడానికి బయటినుంచి వచ్చేవాడికి పెద్దగా పనే ఉండదు.

మూడోది, వాళ్లకంటే వీరాభిమాని అయిపోండి. వాళ్ల నాయకుణ్ని దేవుడనండి, ఎదుటివాళ్లను ఊళ్లో తిరగనివ్వొద్దనండి. ఎవరైనా ఔనంటే స్క్రీన్‌షాట్ తీసి మీ అసలు గ్రూపులో వేసుకోండి. దీని అంతర్జాతీయ స్థాయి ఏమిటో తెలియాలంటే హ్యూస్టన్ చూడాలి. 2016 మే 21న అక్కడ ఒక ఇస్లామిక్ కేంద్రం ముందు రెండు గుంపులు ఎదురెదురుగా నిలబడి అరుచుకున్నాయి. ఒక గుంపును 'హార్ట్ ఆఫ్ టెక్సాస్' అనే ఫేస్‌బుక్ పేజీ పిలిచింది, రెండోదాన్ని 'యునైటెడ్ ముస్లిమ్స్ ఆఫ్ అమెరికా' అనే పేజీ పిలిచింది. రెండింటినీ నడిపింది రష్యాలో కూర్చున్నవాళ్లేనని 2017లో అమెరికా సెనేట్ విచారణలో బయటపడింది. పిలుపు నకిలీదే గాని, వచ్చిన జనం అసలైనవాళ్లు, వాళ్ల కోపమూ అసలైనదే. మెదక్‌లో 2024 జూన్‌లో, బక్రీద్ ముందు, పశువుల రవాణా మీద మొదలైన గొడవ ఘర్షణగా మారి 144 సెక్షన్ పెట్టేదాకా పోయింది. దాన్ని వాట్సాప్ పుట్టించిందని అనడం లేదు. అలాంటి రోజుల్లో ఏ గ్రూపులోనైనా అందరికంటే గట్టిగా అరిచేవాడు ఎవరి మనిషో ఆరా తీసే తీరిక మాత్రం ఎవరికీ ఉండదు. ఈ సూచన బలమంతా ఆ తీరిక లేకపోవడంలోనే ఉంది.

నిజమైన ఫిర్యాదు నడుస్తున్నచోట ఒక్క నకిలీ బొమ్మ కలపండి, చాలు. 2025లో హైదరాబాద్‌లోని కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్లు కూల్చడానికి బుల్డోజర్లు దిగింది నిజం, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపింది నిజం. అయినా మాటంతా ఏఐతో చేసిన జింకల మీదికి, నెమళ్ల మీదికి మళ్లింది. ఆ బొమ్మలు ఎవరు, ఎందుకు చేశారన్నది వేరే సంగతి. మీరు పాఠం నేర్చుకోండి.

ఇవేవీ చేతకాకపోతే "మనలో కోవర్టులున్నారు" అని అందరికంటే ముందు మీరే అనేయండి. 2022 డిసెంబరులో పీసీసీ కమిటీలు ప్రకటించాక రాష్ట్ర కాంగ్రెస్‌లో ఈ ఒక్క మాటే చాలా పని చేసింది. తమను కోవర్టులని సోషల్ మీడియాలో ప్రచారం చేస్తున్నారంటూ సీనియర్లు భట్టి విక్రమార్క ఇంట్లో సమావేశమయ్యారు. అందులో దామోదర రాజనర్సింహ, జగ్గారెడ్డి మన ఉమ్మడి మెదక్ జిల్లా నాయకులే. అసలు కోవర్టు ఎవరో తేలలేదు, తేలాల్సిన అవసరమూ రాలేదు. అనుమానం ఉంటే మనిషి లేకపోయినా పని జరిగిపోతుంది. ఏడాది తిరక్కుండానే ఆ పార్టీ గెలిచిందిగా, భట్టి ఉపముఖ్యమంత్రి, దామోదర మంత్రి అయ్యారుగా, మరి నష్టమేముందని మీరు అడగవచ్చు. సబబైన ప్రశ్నే. నాయకుల మధ్య రాజీకి అధిష్ఠానం ఉంది, పంచుకోవడానికి పదవులు ఉన్నాయి. అప్పట్లో సర్దిచెప్పడానికి ఢిల్లీ నుంచి దిగ్విజయ్ సింగ్ వచ్చారు. కాలనీ గ్రూపుకు దిగ్విజయ్ సింగ్ రారు. అక్కడ ఒకసారి కోవర్టు అనిపించుకున్న మనిషి చప్పుడు చేయకుండా బయటికి పోతాడు, వాడకట్టులో ఎదురుపడ్డా తల తిప్పుకుంటాడు.

ఎదుటి పార్టీ గ్రూపులో భిన్నాభిప్రాయం చెప్పడమే తప్పంటారా అని ఇంకొందరికి అనుమానం రావచ్చు. కాదు. సొంత పేరుతో, ఫలానా పార్టీవాణ్నని చెప్పి, మీ లెక్క తప్పని వాదించేవాడు ఆ గ్రూపుకు మేలే చేస్తాడు. తేడా అభిప్రాయంలో లేదు, వేషంలో ఉంది. చట్టం చూసుకుంటుందిలే అనుకోవడమూ కుదరదు. ఆన్‌లైన్ రాతలకు అరెస్టు చేయనిచ్చిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లో కొట్టేసింది. సభ్యుల రాతలకు అడ్మిన్ బాధ్యుడు కాడని 2021లో బొంబాయి, 2022లో కేరళ హైకోర్టులు చెప్పాయి. ఆ తీర్పులు సరైనవే. పైగా అందరితో కలిసి జై కొట్టినవాణ్ని ఏ సెక్షన్ కింద పట్టుకుంటారు? విసిగిపోయిన అడ్మిన్లు చివరికి అడ్మిన్లు మాత్రమే రాసేలా మీట నొక్కుతున్నారు. అప్పుడది గ్రూపు కాదు, మైకు. చొరబడినవాడు కోరుకున్నదీ సరిగ్గా అదే.

అడ్మిన్లకు ఒక మనవి. కోవర్టుల ఏరివేత నెమ్మదిగా చూసుకోవచ్చు. ఎవరైనా తారీఖు అడిగితే, డబ్బు అడిగితే, నీళ్లు అడిగితే, ముందు ఆ ప్రశ్నను పైన పిన్ చేయండి. జవాబు వచ్చేదాకా తీయకండి. వాట్సాప్‌లో పిన్ ఎక్కువలో ఎక్కువ ముప్పై రోజులు నిలుస్తుంది. మంబోజిపల్లి ప్రశ్నకైతే మళ్లీ మళ్లీ పెట్టాల్సి రావచ్చు.