నలభై ఐదు రోజుల్లో లైబ్రరీ

అమీర్‌పేట మెట్రో మెట్లు దిగి మైత్రీవనం వైపు తిరిగేసరికి చేతిలో నాలుగు కరపత్రాలు పడతాయి. జావా, పైథాన్, డెవాప్స్, సేల్స్‌ఫోర్స్, నిన్ననే పుట్టిన ఏఐ, ఇంకా పేరు పెట్టని రేపటిది. అన్నిటికీ నలభై ఐదు రోజులే, అన్నిటికీ మొదటి క్లాసులు ఫ్రీ డెమోయే. ఇన్ని నేర్పే పేటలో స్కూలుకో కాలేజీకో లైబ్రరీ గది ఎలా అమర్చుకోవాలో నేర్పే బోర్డు మాత్రం కనపడదు. ఇటు ఎస్సార్ నగర్ నుంచి అటు పంజాగుట్ట దాకా అపార్టుమెంటుకో కాలేజీ, కాంప్లెక్సుకో స్కూలు. ప్రతిదానికీ లైబ్రరీ ఉండాలని రూలు, ప్రతిదానికీ ఏదో ఒకనాడు తనిఖీ కమిటీ. ఇంత మార్కెట్‌ని ఇన్నాళ్లూ ఎవరూ పట్టించుకోకపోవడం అమీర్‌పేట పరువుకే మచ్చ. అందుకే ఈ వారం కాలమ్ ఫ్రీ డెమో. కరస్పాండెంట్లు ముందు వరసలో కూర్చోండి, ప్రిన్సిపాళ్లు రెండో వరసలో. లైబ్రేరియన్ అంటూ ఒకరుంటే వెనక నిలబడొచ్చు. పిల్లలకి ప్రవేశం లేదు. లైబ్రరీతో వాళ్లకేం పని?

ముందు కొలతలు. లైబ్రరీ కనీసం 14 మీటర్లు పొడవు, 8 మీటర్లు వెడల్పు ఉండాలంటుంది సీబీఎస్‌ఈ. దాదాపు 1,200 చదరపు అడుగులు, అమీర్‌పేట లెక్కలో ఒక డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు. ఇంజనీరింగ్ కాలేజీకైతే ఏఐసీటీఈ 400 చదరపు మీటర్లు అడిగింది. ఈ అంకెలు వినగానే కరస్పాండెంటు గారి మొహం వాడిపోవడం సహజం. ఆ ఫ్లాటులో పొద్దున ఆరున్నర నుంచి రాత్రి తొమ్మిది దాకా ఎన్ని బ్యాచ్‌లు పడతాయో ఆయనకి నోటి లెక్క. అన్ని బ్యాచ్‌ల చోటులో పిల్లలు ఊరికే కూర్చుని కథల పుస్తకం చదువుతారంటే ఏ వ్యాపారికి ప్రాణం ఒప్పుతుంది?

కథల పుస్తకాలన్నది నా మాట కాదు. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్లోనే ఉంది: ప్రతి బడికీ లైబ్రరీ ఉండాలి, అందులో దినపత్రికలు, మ్యాగజైన్లు, అన్ని సబ్జెక్టుల పుస్తకాలు, కథల పుస్తకాలతో సహా ఉండాలి. ఆ వాక్యం రాసిన అధికారి ఎవరో గానీ, ఆయనకి ముందుగా మన ఆరో తరగతి ఐఐటీ ఫౌండేషన్ టైంటేబుల్ చూపించి ఉండాల్సింది.

ప్రభుత్వ బళ్లకి సమగ్ర శిక్ష కింద ఏటా లైబ్రరీ గ్రాంటు ఉంది. చిన్న బడికి 5,000 రూపాయలు, పన్నెండో తరగతి దాకా ఉన్నదానికి 20,000. ఐదు వేలూ పెట్టి పుస్తకాలు కొంటే ర్యాకుకి మిగలదు, ర్యాకు కొంటే పుస్తకాలకి మిగలదు. తెలివైన హెడ్మాస్టరు పుస్తకాలని వచ్చిన అట్టపెట్టెలోనే ఉంచి, పెట్టెని బీరువా మీదికి ఎక్కిస్తాడు. తెలుగు నేల మీద ఇంతకన్నా చవకైన ఇంటీరియర్ డిజైన్ ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

"స్థలం లేదండీ, ఏం చేయమంటారు?" అని మొదటి వరసలోంచి ప్రశ్న. మంచి ప్రశ్నే, కానీ చరిత్ర మీకు సాయం చేయదు. 1901లో ఈ ఊళ్లోనే శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం అనే లైబ్రరీ పెట్టినవాళ్లు స్థలం కోసం కూర్చోలేదు, రావిచెట్టు రంగారావు గారి ఇంట్లోనే మొదలుపెట్టేశారు. నిజాం రాజ్యంలో, తెలుగుకి దిక్కులేని రోజుల్లో. 1935లో పాతూరి నాగభూషణం గారికి నేల మీద చోటు కూడా అక్కర్లేకపోయింది. గుంటూరు జిల్లా కాలువలో పడవ మీదే లైబ్రరీ పెట్టి ఊరూరికీ తిప్పారు. కాబట్టి కమిటీ ముందు స్థలం మాట ఎత్తకండి. కమిటీలో ఒక్క పెద్దాయనకైనా పడవ సంగతి గుర్తుంటే మీరు మునుగుతారు.

ఇక ఫర్నిచర్. డెమోలో అసలు సరుకు ఇదే.

మొదట కొనాల్సింది స్టీలు బీరువా, అద్దం తలుపులది, తాళం పడేది. ర్యాకులు కొంటే పిల్లలు పుస్తకాలు తీస్తారు. బీరువాకి ఆ దుర్గుణం లేదు. పంజాగుట్ట నగల షోరూముల్లోనూ అద్దాల అలమారలే గానీ, వాళ్లది పొరపాటు పద్ధతి: కొననివాడికి కూడా లోపలినుంచి తీసి, మెడకి పెట్టి, అద్దం చూపించి, కాఫీ ఇస్తారు. లక్షల సరుకు వాళ్లు అలా జనం చేతుల్లో పెడితే, మూడు వందల రూపాయల పుస్తకాన్ని మనం అద్దం అవతల భద్రంగా ఉంచుతాం. పిల్లవాడు వెన్ను మీద పేరు చదువుకుని, కళ్లకద్దుకుని వెళ్లిపోవచ్చు.

తాళం గురించి లైబ్రేరియన్‌ని తిట్టకండి. పాపం, ఆయన భయం స్టాక్ వెరిఫికేషన్. ఏడాది చివర పుస్తకం తగ్గితే జీతంలోంచి కోస్తారేమోనని. నిజానికి కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నియమాలే (2017) ఈ విషయంలో మన మేనేజ్‌మెంట్ల కన్నా ఉదారంగా ఉన్నాయి. ఇష్యూ అయిన, చదవడానికి తీసిన ప్రతి వెయ్యి పుస్తకాలకీ ఏటా ఐదు పోతే మామూలే, మోసమో నిర్లక్ష్యమో లేనంతవరకూ అది సహజ నష్టం కింద లెక్క అంటాయి. వెయ్యి రూపాయలు దాటిన పుస్తకానికీ అరుదైనదానికీ మాత్రం విచారణ తప్పదు. అయితే ఈ రూలు వాడుకోవాలంటే ముందు వెయ్యి పుస్తకాలు పిల్లల చేతికి వెళ్లాలి. మన లైబ్రరీలో సున్నా ఇష్యూ, సున్నా నష్టం. ఆడిట్‌లో ఇంత అందమైన అంకె ఇంకే డిపార్టుమెంటులోనూ రాదు.

బీరువా వద్దు, ఓపెన్ ర్యాకులే పెడతామని మొండికేసే ప్రిన్సిపాల్ ఎవరైనా ఉంటే ఎత్తు దగ్గర జాగ్రత్త. లెక్కల మాస్టారుగా మొదలై 1924లో మద్రాసు యూనివర్సిటీ లైబ్రేరియన్ అయిన రంగనాథన్ 1931లో గ్రంథాలయానికి ఐదు సూత్రాలు రాశారు. పుస్తకం ఉన్నది వాడుకోవడానికేనన్నది మొదటిది. లైబ్రరీ ఎక్కడ కట్టాలి, ఎన్ని గంటలు తెరవాలి, బల్లలూ కుర్చీలూ ఎలా ఉండాలి అన్నీ ఆయన ఈ ఒక్క సూత్రంలోంచే పిండారు. మామూలు ఎత్తు మనిషి నేల మీద నిలబడి పై అర అందుకోవాలన్నది ఆయన లెక్క. లెక్క సరైనదే, ఫొటోకి పనికిరాదు. కాలేజీలని మదింపు చేసే నాక్ వాళ్లకి జియోట్యాగ్ ఫొటో పంపాలి కదా, అందులో ర్యాకు సీలింగ్‌ని తాకితేనే కాలేజీకి గౌరవం. పై అరలో ఒకే రంగు అట్టల ఎన్‌సైక్లోపీడియా సెట్టు పెట్టండి. నిచ్చెన కొనకండి.

వెలుతురు సంగతి. ర్యాకులని కిటికీ గోడకి లంబంగా నిలబెడితే పగటి వెలుగు వరసల నడుమకి వస్తుంది, ట్యూబులైటు కూడా ఆ నడవ మీదే వేలాడాలి. బీఐఎస్ అయితే లైబ్రరీ ఫర్నిచర్‌కి ఐఎస్ 1829 అని విడిగా ఒక ప్రమాణమే రాసిపెట్టింది. మనకి ఆ గొడవ వద్దు. ఎలక్ట్రీషియన్ ముందొస్తాడు, కార్పెంటర్ తర్వాతొస్తాడు, ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడరు. దాంతో ట్యూబులైటు సరిగ్గా ర్యాకు నెత్తి మీద వెలుగుతుంది, కింద అరలోని చరిత్ర పుస్తకాలు చీకట్లో ఉంటాయి. ఫ్యాను ఎలాగూ లైబ్రేరియన్ కుర్చీ మీదే. ప్లగ్ పాయింట్లు అసలొద్దు, పిల్లలు ఫోన్లు చార్జింగ్ పెట్టుకుంటారు. మూల ఒక కంప్యూటర్ పెట్టి, కీబోర్డుకి ప్లాస్టిక్ కవరు తొడిగి, పైన డిజిటల్ లైబ్రరీ అని రాయండి. కాలేజీకి ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్ల ఎన్-లిస్ట్ ఉంటే వేల కొద్దీ ఈ-పుస్తకాలు వస్తాయి, వాటి పాస్‌వర్డు కూడా బీరువాలోనే ఉంచండి.

కూర్చునేందుకు ఈమధ్య బీన్ బ్యాగులు వచ్చాయి. పసుపు, నీలం, ఎరుపు. బ్రోచర్లో దివ్యంగా ఉంటాయి. పాలిథీన్ తీయకపోతే వచ్చే ఏడాది బ్రోచర్‌కీ పనికొస్తాయి. గోడ మీద నిశ్శబ్దం పాటించండి అనే బోర్డు తప్పనిసరి, తాళం వేసిన గదిలో అంతకన్నా బాగా అమలయ్యే రూలు లేదు. లైబ్రరీ పీరియడ్‌ని శనివారం ఆఖర్న వేయండి. దాన్ని లెక్కల సారు తీసుకుంటాడు, ఆయన తీసుకోకపోతే ఫిజిక్స్ సారు తీసుకుంటాడు. వంద రోజుల్లో పరీక్షలు పెట్టుకుని నవలేంటని తల్లిదండ్రులూ సమర్థిస్తారు. ఈ ఒక్క విషయంలో కాలేజీకీ పేరెంట్స్‌కీ ఎన్నడూ గొడవ రాలేదు.

రంగనాథన్ గారి ఐదు సూత్రాలూ తు.చ. తప్పకుండా పాటించే లైబ్రరీ ఈ పేటలో లేదనుకుంటున్నారేమో, ఉంది. దాని బోర్డు మీద జిరాక్స్ అని ఉంటుంది.

మైత్రీవనం సందుల్లో ఏ షట్టరు ముందైనా ఒక్క నిమిషం నిలబడండి. వాడుకోవడానికి కానిది అక్కడ ఒక్క కాగితం ఉండదు, మొదటి సూత్రం అయిపోయింది. మీరు నోరు తెరవకముందే లోపలినుంచి కేక: "ఏం గావాలె తమ్మీ? కోర్ జావానా, అడ్వాన్సుడా? ఏ సార్ నోట్సు?" పాఠకుడికి తన పుస్తకం దొరికింది, రెండోది. అమ్ముడుపోని స్పైరల్ బైండింగుకి అరలో చోటుండదు, కాబట్టి ప్రతి పుస్తకమూ తన పాఠకుణ్ణి వెతుక్కుని తీరాలి, మూడోది. టీ తాగి వచ్చేసరికి రెండు వందల పేజీలు బైండింగుతో సహా చేతికొస్తాయి, పాఠకుడి కాలం ఆదా అయింది, నాలుగోది. లైబ్రరీ ఎదిగే ప్రాణి అన్నది ఐదోది. ఇది షట్టరు దాటి మెట్ల మీదికి, మెట్లు దాటి ఫుట్‌పాత్ మీదికి ఎదిగింది, జీహెచ్ఎంసీ లారీ వచ్చిన రోజు కత్తిరించుకుంటుంది, వారం తిరక్కుండా మళ్లీ చిగురేస్తుంది. ఆ నోట్సు రాసిన సారుకి రాయల్టీ ఎవరిస్తారని మాత్రం అడక్కండి. ఢిల్లీ యూనివర్సిటీ ఆవరణలో ఇలాంటి చిన్న జిరాక్స్ షాపు మీద 2012లో పెద్ద పెద్ద అంతర్జాతీయ ప్రచురణ సంస్థలు కోర్టుకెక్కాయి. 2017లో వాళ్లంతట వాళ్లే కేసు వదిలేసుకుని వెళ్లిపోయారు.

జిరాక్స్ షాపులో కూర్చోవడానికి చోటుండదు, అదొక్కటే లోపం. ఆ లోపం ఎదురు బిల్డింగు మూడో అంతస్తు తీరుస్తుంది. అక్కడి బోర్డులో మాత్రం లైబ్రరీ అన్న పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది. లోపలికెళ్తే వరసగా ప్లైవుడ్ గూళ్లు. ప్రతి గూటికీ సొంత లైటు, సొంత ప్లగ్ పాయింటు, మోచేతులు ఆనేంత బల్ల, నడుం నొప్పెట్టని కుర్చీ. ఏసీ, వైఫై, సామాను పెట్టుకునే లాకరు, తాగే నీళ్లు, సీసీ కెమెరా. సూది పడితే వినపడే నిశ్శబ్దం, దానికి బోర్డు కూడా అక్కర్లేదు. ఈ హాలు కట్టినాయన రంగనాథన్‌ని చదవలేదు, ఐఎస్ 1829 పేరు వినలేదు. కుర్రాళ్లని అడిగాడు, అంతే: ఏం కావాలి మీకు? వాళ్లు చెప్పారు, ఆయన చేయించాడు, నెల తిరగ్గానే అద్దె వసూలు చేస్తున్నాడు. ఈ పేటలో విద్యార్థి కూర్చునే చోటు గురించి విద్యార్థిని అడిగిన మొదటి మనిషి ఆయనేనని నా అనుమానం.

అక్కడ లేనిదల్లా పుస్తకం. అరలో ఒక తెలుగు పేపరు, ఒక ఇంగ్లిష్ పేపరు, కిందటి నెల కరెంట్ అఫైర్స్. ఎవరి పుస్తకాలు వాళ్లే తెచ్చుకోవాలి. కాలేజీలో పుస్తకాలున్నాయి, కూర్చోనివ్వరు. ఇక్కడ కూర్చోనిస్తారు, పుస్తకాల్లేవు. ఈ రెంటినీ కలిపితే ఒక లైబ్రరీ అవుతుంది గానీ, కలిపితే అద్దె ఎవరికి వెళ్లాలో తేలక ఆ ప్రాజెక్టు ఆగి ఉంది.

అద్దె ఎందుకు, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి వెళ్లొచ్చుగా అంటారు పెద్దలు. వెళ్లినవాళ్లని చూస్తే తెలుస్తుంది. గ్రూప్స్ నోటిఫికేషన్ వాసన తగిలితే చాలు, పొద్దున తలుపులు తీయకముందే క్యూ, లోపల దొరకనివాళ్లు వరండాల్లో, చెట్ల కింద. ఎన్నికలప్పుడు పెద్ద పెద్ద నాయకులు కూడా ఆ ఏరియాకొచ్చి కుర్రాళ్లతో ఫొటోలు దిగుతారు. వాళ్లు వెళ్లాక కుర్చీలు ఎన్ని ఉండేవో అన్నే ఉంటాయి.

కుర్చీలు పెరగకపోవడానికి డబ్బు కారణమనుకుంటే పొరపాటు. ఆస్తి పన్నులో ప్రతి రూపాయి మీదా ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు. మూడో అంతస్తులో గూళ్లు అద్దెకిచ్చే ఓనరూ అది కడతాడు, తన జేబులోంచి కాదు, గూటి అద్దెలో కలిపి. ఆ పైసలు వసూలు చేసుకున్న కార్పొరేషన్ వాటిని నగర గ్రంథాలయ సంస్థకి అప్పజెప్పాలి. అప్పజెప్పక బకాయిలు పేరుకుపోయాయన్న వార్త పేపర్లలో ఎప్పటికప్పుడు వస్తూనే ఉంటుంది, గూళ్ల హాల్లోని అరలో ఉండే ఆ పేపరులోనే. అంటే, చిక్కడపల్లిలో కుర్చీ దొరక్క అమీర్‌పేటలో గూడు అద్దెకి తీసుకున్న కుర్రాడు ఆ దొరకని కుర్చీకి కూడా నెలనెలా డబ్బు కడుతున్నాడు. రసీదు ఓనరు పేరున వస్తుంది.