చీకటికి అభయారణ్యము

పులులకును ఖడ్గమృగములకును వలెనే చీకటికిని అభయారణ్య మేర్పరుపవలసిన దినము వచ్చునని మన పూర్వు లెవ్వరును తలంచియుండరు. ఏలయన వారి కాలమున సూర్యు డస్తమించినంతనే అది యెల్లరకు నుచితముగా లభించుచుండెను, పిమ్మట కొన్ని దశాబ్దములు విద్యుచ్ఛాఖవారు దానిని వేళాపాళా లేక సరఫరా చేయుచుండిరి. ఇప్పుడన్ననో, కూడలికొక హైమాస్టు దీపమును నాటి, దాని మొదట తమ నామధేయముగల శిలాఫలకమును బిగించి, చప్పట్ల నడుమ మీట నొక్కి వెడలిపోవు నాయకుల ధర్మమా యని, మన దీపములు నేలతో తృప్తిపడక నింగిని సైతము వెలిగించుచున్నవి. ఆ వెలుగు గాలిలోని ధూళిమీదను తేమమీదను బడి చెదరి, నక్షత్రములను మ్రింగివైచుచున్నది. మహారాష్ట్రమునందలి పెంచ్ పులుల అడవి చెంత గ్రామదీపముల ముఖములను నేలకు ద్రిప్పి చీకటిని కాపాడుచున్నారు. మనకును అది స్వల్పవ్యయసాధ్యమే. కాని క్రిందికి మాత్రమే వెలుగు దీపము దూరమునుండి కనబడదు గదా, కనబడని యభివృద్ధి అభివృద్ధి యెట్లగును?

ఈ వెలుగు ధాటికి నిలువ నీడ కోల్పోయినవారిలో అగ్రగణ్యులు హైదరాబాదు దూరదర్శినులు. 1901లో నవాబు జాఫర్ జంగ్ ఫిసల్‌బండలో నెలకొల్పిన నిజామియా వేధశాల, 1908లో ప్రభుత్వము చేతికి వచ్చి, పిదప బేగంపేటకు చేరి, లక్షల నక్షత్రముల స్థానములను ఓపికతో లెక్కగట్టెను. ఆ లెక్క తేలులోపల నగరము వచ్చి ప్రక్కన కూర్చుండెను. అద్దెయింటి కాపురమువలె మరల చోటు వెదకుకొని, 48 అంగుళముల క్రొత్త దూరదర్శిని 1960ల చివర రంగాపూరు చేరవలసివచ్చెను. 1980 నాటి సంపూర్ణ సూర్యగ్రహణమును మనవా రచ్చటినుండియే పరిశీలించిరి. గ్రహణము పగటివేళ గనుక వీథిదీపముల బెడద లేదనుకొందమన్న, మన వీథిదీపములు పగలును వెలుగుచునే యుండును. ఇప్పుడు నగర మచ్చటికిని బయలుదేరినది.

బేగంపేట వేధశాలలో పనిచేసిన తండ్రి వెంట బాల్యముననే నక్షత్రముల నెరిగిన వైను బప్పు మాత్రము దూరదృష్టి గలవాడు. ఆయన తమిళదేశమున, జవ్వాది కొండలలో, 700 మీటర్లకు పైబడిన యెత్తున, గంధపుచెట్ల అడవిలోని కావలూరును వెదకి పట్టెను. అచ్చట 1968లో 38 సెంటీమీటర్ల దూరదర్శినియు, 1972లో మీటరు దూరదర్శినియు కన్నులు దెరచినవి. 1986లో జాతి కంకితమైన 2.3 మీటర్ల మహాదూరదర్శినికి ఆయన పేరే పెట్టిరిగాని, దానిలోనుండి చూచుటకు ఆయన 1982 దాటి జీవింపలేదు.

ఆ యడవికి శనివారపు సాయంకాలములందు సామాన్యులును పోయి, చిన్న దూరదర్శినిలోనుండి ఆకాశమును చూచుట కలదు. మానవనేత్రము చీకటికి చక్కగా అలవడుటకు ఇంచుమించు అరగంట పట్టును. ఆ యలవాటును చెరుపుటకు ఒక్క సెల్‌ఫోను వెలుగు చాలును. వరుసలో నిలిచినవారికి పాలపుంత ఇప్పుడిప్పుడే పొడకట్టుచున్న తరుణమున, ఎవరో చెప్పు జారినదని దీపము వెలిగింతురు. చెప్పు దొరకును, పాలపుంత పోవును. ఏలినాటి శనితో ఏడున్నరేండ్లు వేగి, తైలాభిషేకములకును నవగ్రహ ప్రదక్షిణములకును జీతమును కాలును అరుగదీసికొన్న గృహస్థొకడు, శనివారమునాడు శనినే చూచు భాగ్యమబ్బినదని సకుటుంబముగా కొండ యెక్కెను, కటకమున కన్ను పెట్టి, వలయముతోగూడిన ఆ చిన్న వెలుగును జూచి, “నన్నింత యేడిపించినవాడు ఇంతేనా?” యని నిట్టూర్చి, “కొంచెము మసకగా నున్నాడు సార్” అని యచ్చటి యుద్యోగికి ఫిర్యాదు చేసి, బంధువులకు పంపుటకై సెల్‌ఫోను తీసి, 120 కోట్ల కిలోమీటర్లకు ఆవలనున్న శనైశ్చరునిపై ఫ్లాష్ వెలిగించెను.