నంబరు చెప్పండి గురువుగారూ!
కొబ్బరి ధర వచ్చే వారం పెరుగుతుందని గట్టిగా తెలిసిన అంబాజీపేట వ్యాపారి కాయ కొని రాశి పోయిస్తాడు గానీ, ఆ కిటుకును ‘ఇవాళే చేరితే సగం ఫీజు’ అని అమ్ముకోడు. షేరు కొని నాలుగు రోజులో, నాలుగు వారాలో ఆగి అమ్మే స్వింగ్ ట్రేడింగ్ గురువులు మాత్రం మహా ఉదారులు! కోనసీమ కుర్రాళ్ల ఫోన్లలోకొచ్చి మరీ లాభాల స్క్రీన్‌షాట్లు చూపిస్తారు. నష్టమొచ్చిన రోజు చార్జింగ్ ఉండదు కాబోలు. పాఠాలే చెప్పేవారు గత 3 నెలల ధరలు వాడకూడదని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2025 జనవరిలో తేల్చింది. ఇవాళ్టి చార్టు మీద గీత గీసి ‘ఇక్కడ కొను’ అంటే అది పాఠం కాదు, సలహా. దానికి సెబీ రిజిస్ట్రేషన్ కావాలి. ఆ రిజిస్ట్రేషన్ నంబరు అడిగితే ‘ఆయ్, లైను కట్టవుతోందండి’ అని వినిపిస్తుంది.

ఊరికే వచ్చే చదువుకు విలువేముంటుందంటారా? బ్రోకరు సంస్థ జెరోధా నడిపే ‘వర్సిటీ’ పాఠాలు ఉచితమే. మనం ఎంత తిప్పితే బ్రోకరుకు అంత ఆదాయమన్నదీ నిజమే. అయినా వర్సిటీ, నష్టం ఓ హద్దు దాటకముందే అమ్మేసే స్టాప్‌లాస్ సంగతి దాచలేదు. నష్టం అరుదేమీ కాదు మరి: 2022-23లో నగదు విభాగంలో ఇంట్రాడే, అంటే కొన్న రోజే అమ్మే ట్రేడింగ్, చేసినవారిలో ప్రతి 10 మందిలో ఏడుగురు నష్టపోయారని సెబీ లెక్క. ‘మాది ఇంట్రాడే కాదు, స్వింగ్’ అంటే సంతోషం. లావాదేవీలకు బ్రోకరు ఇచ్చే కాంట్రాక్టు నోట్లు ఏడాదివి వరసగా చూపించమనండి.