చేర్చడమే తప్ప తీసేయడం లేదు

మా రోజుల్లో జాబితాలో ఒక సాఫ్ట్‌వేర్ లైబ్రరీ పేరుంటే, పక్కనే దాని బాగోగులూ ఉండేవి. ఇప్పుడు పేరు, లింకు, తయారుచేసినవాడే రాసుకున్న ఒక పొగడ్త. అంతే!

పెర్ల్ భాషవాళ్ల లైబ్రరీల భాండాగారం సీపాన్ 1995లో మొదలైంది. అందులోని లైబ్రరీలకు టిమ్ బన్స్, ఆండ్రియాస్ కోనిగ్ నడిపిన మాడ్యూల్ లిస్టును మించింది నేనింతవరకూ చూడలేదు. ప్రతి పేరు పక్కనా గుర్తుగా కొన్ని అక్షరాలుండేవి. మొదటి అక్షరం ఆ మాడ్యూల్ ఏ దశలో ఉందో చెప్పేది. ‘ఐ’ అంటే ఇంకా ఆలోచనే, ‘సీ’ అంటే పని జరుగుతోంది, ‘ఏ’ అంటే ఆల్ఫా, ‘బీ’ అంటే బీటా, ‘ఆర్’ అంటే విడుదలైంది. రెండో అక్షరం సందేహమొస్తే ఎవర్ని అడగాలో చెప్పేది. అక్కడ ‘ఎన్’ అని ఉందా, అడగడానికి దిక్కు లేదన్నమాట. మూడోదాన్ని బట్టి ఒట్టి పెర్ల్ సరిపోతుందో, సీ కంపైలర్ కూడా కావాలో తెలిసేది. డయలప్ మీద గంటలకు గంటలు డౌన్‌లోడ్ చేసుకునే కాలంలో ఆ అక్షరాలు మాకెంత మేలు చేశాయో ఇప్పటివాళ్లకు చెప్పినా అర్థం కాదు. పూర్తికాని దాన్ని పూర్తికాలేదని రాయడంలో ఉన్న మర్యాద అది.

2014లో సిండ్రే సోర్హుస్ గిట్‌హబ్‌లో ‘ఆసమ్’ జాబితా పెట్టాడు. దొరికినవన్నీ కాదు, మేలైనవే ఉండాలన్నది దాని నియమం. చక్కటి నియమం. కానీ ఆ పేరు తగిలించుకుని పుట్టుకొచ్చిన జాబితాల్లో చాలావాటికి అది పట్టదు. చేంతాడంత పొడవు, దానికి తగ్గట్టు స్టార్లు! లెక్క పెంచుకోవడమే లక్ష్యమైతే ఏమవుతుందో ఓపెన్ సోర్స్ వాళ్ల అక్టోబర్ పండగ హ్యాక్‌టోబర్‌ఫెస్ట్‌లోనే చూశాం. 2020లో నాలుగు పుల్ రిక్వెస్టులకు ఒక టీషర్ట్ అనేసరికి, ఊరికే ఒక మాట మార్చి పంపినవి వెల్లువెత్తాయి. చివరికి నిర్వాహకులు నెల మొదట్లోనే నిబంధనలు మార్చాల్సొచ్చింది.

స్టార్లు చూసి నమ్మేవాళ్లు 2018 నాటి ఈవెంట్-స్ట్రీమ్ సంగతి తెలుసుకోవాలి. లక్షలసార్లు దించుకున్న లైబ్రరీ అది. పాత నిర్వాహకుడు ఓపిక లేక, సాయం చేస్తానని వచ్చిన కొత్తవాడికి అప్పగించాడు. ఆ కొత్తవాడు బిట్‌కాయిన్ దొంగిలించే కోడ్‌ను ఒక డిపెండెన్సీ చాటున లోపలికి తెచ్చాడు. పేరు అదే, లింకు అదే. లైబ్రరీ చేతులు మారిందని ఏ స్టారూ చెప్పదు. కనిపెట్టి ఉండే మనిషి చెప్పాలి. ఆ పని చేయనివాడు జాబితా నడపకూడదనే నేనంటాను.

జాబితాలు నడుపుతున్న పిల్లలూ, ఈ నెల కొత్త పేరు ఒక్కటీ చేర్చకండి. ఉన్న ప్రతి లింకూ తెరవండి. చివరి విడుదల ఎప్పుడో, లైసెన్సు ఏమిటో, ఇష్యూలకు జవాబిచ్చేవాళ్లు ఉన్నారో లేదో చూడండి. దిక్కులేనివి తీసేయండి. తీయడానికి మనసొప్పకపోతే, కనీసం ఆ మాట పక్కన రాయండి.