శబరీతీర స్టార్టరు విజయం

విఘ్నేశ్వరుడికి ఒక దండం, ఎర్ర బొత్తానికి రెండు దండాలు. కావ్యారంభంలో ఇష్టదేవతను తలవాలంటారు. మోటారు కాపలా కాసేవాడికి ఎర్ర బొత్తాన్ని మించిన ఇష్టదేవత ఎవరున్నారు? ఆకుపచ్చది మోటారును తిప్పి వరాలిస్తుంది, ఎర్రది ఆపి ప్రాణాలు కాస్తుంది. వరాలిచ్చినవాళ్ల వల్ల వచ్చిన చిక్కులే మన పురాణాల్లో సగం.

ఇక పురవర్ణన. 2012 జనవరిలో దంతెవాడ నుంచి విడివడింది ఛత్తీస్‌గఢ్ సుక్మా జిల్లా. దాని దక్షిణపు కొసన, శబరి నది ఒడ్డున, కోంటా. అవతలి ఒడ్డున ఒడిశా వారి మోటు, రోడ్డు పట్టుకుని కిందికి దిగితే ఆంధ్రా చింతూరు. బజారులో ఒక్క చెట్టు కింద నిలబడితే దోర్లి, గోండి, హల్బీ, హిందీ, ఒడియా, తెలుగు చెవిన పడతాయి. ప్రబంధ కవులు పట్టణానికో అగడ్త తవ్వించేవారు. కోంటాకు ఆ ఖర్చు లేదు. భద్రాచలం దగ్గర గోదావరికి కోపం వస్తే శబరి నీళ్లు దానిలో కలవలేక వెనక్కి తంతాయి, ఊరే అగడ్తలో కూర్చుంటుంది. 2022 జూలైలో భద్రాచలంలో నీరు 71 అడుగులు దాటినప్పుడు జాతీయ రహదారి కూడా మునిగింది.

ఆ శబరి గట్టున ఒక మోటారు పాక ఉందనుకోండి. కవికి ఆమాత్రం చనువుంది. పాకలో అయిదు హార్స్‌పవర్ మోటారు. గోడకు, వరద అందనంత ఎత్తులో, మన కథానాయకుడు: స్టార్టరు డబ్బా.

ఆ డబ్బా ఎట్టిదనిన: ధూళిధూసరిత లోహకవచ సంవృతంబై, సాలెగూటి ఛత్రచామర శోభితంబై, బల్లిదంపతుల శాశ్వత నివాసంబై, ఎర్రచీమల సేనావాటికయై, ఒకానొక మరమేకు ఊడిపోగా ఇనుపతీగతో బిగింపబడిన ద్వారబంధంబు గలదియై ఒప్పుచుండె. బల్లుల మాట అలంకారం కాదు. వెచ్చదనానికి దూరిన బల్లి కాంటాక్టుల మధ్య నలిగితే ఆ ఫేజు సరిగా అతుక్కోదు. రాక్షసులకు చావని వీరుడు బల్లికి చిక్కుతాడు.

వంశం చెప్పకపోతే కావ్యం ఒప్పదు గనుక గబగబా కానిస్తాను. ఇనుముకు తీగ చుట్టి, కరెంటు పారించి, దాన్ని అయస్కాంతం చేసి 1825లో చూపించినవాడు ఇంగ్లండు స్టర్జన్. ఆ అయస్కాంతం బలాన్ని ఎన్నో రెట్లు పెంచి, దూరాన ఉన్న చిన్న కరెంటు చేత దగ్గరున్న పెద్ద కరెంటును ఆడించినవాడు అమెరికా జోసెఫ్ హెన్రీ. రిలే కులానికి మూలపురుషుడు ఆయనే. 1888లో టెస్లా మోటారు పేటెంట్లు, మరుసటేడు డొబ్రొవోల్‌స్కీ మూడు ఫేజుల మోటారు. వంశం ఇంత గొప్పది, నివాసం మాత్రం తాటాకు పాక.

ఈ వీరుడి ఆహారం ఎక్కడినుంచి వస్తుంది? తంతి దారిన, బస్తర్ అడవులూ కొండలూ దాటి వస్తుంది. 2007 మే నెలాఖరున నారాయణపూర్ అడవుల్లో మావోయిస్టులు 220 కేవీ టవర్లు కూల్చినప్పుడు బస్తర్ ప్రాంతమంతా రోజుల తరబడి చీకట్లో ఉండిపోయింది. ఇంత దూరం నడిచొచ్చిన అతిథి ఒకోసారి కుంటుతూ రావడంలో వింతేముంది?

ఆ అతిథి నిజానికి ముగ్గురు, మూడు ఫేజులు. ఎర్రమ్మ, పసుపమ్మ, నీలమ్మ. ఏ ఇద్దరి నడుమ చూసినా 415 వోల్టుల పగ, ఒకరికొకరు 120 డిగ్రీల ఎడం. ముగ్గురూ కలిసి వస్తేనే మోటారు తిరుగుతుంది. ఏ ఇద్దరి చోట్లు మార్చినా వెనక్కి తిరుగుతుంది.

ఇప్పుడు యుద్ధం. వేలు లేచింది, ఆకుపచ్చ బొత్తం మీద దిగింది. డబ్బాలోని తీగచుట్ట అయిన కాయిల్‌లో కరెంటు పారగానే కింది ఇనుము అయస్కాంతమై పై ఇనుమును ఒడిసిపట్టింది. 'టక్'! మూడు జతల కాంటాక్టులు ఒక్కసారిగా పెదవి కలిపాయి. నదీగర్భం వైపు దిగిన గొట్టం ఉలిక్కిపడింది. మోటారు లేచింది. కుంభకర్ణుడు లేచినట్టే లేచింది: లేస్తూనే ఆకలి. ఏడున్నర ఆంపియర్లతో రోజంతా పనిచేసే ఈ ఒళ్లు, లేచే క్షణంలో ఆరేడు రెట్లు, అంటే యాభై దాకా మింగుతుంది. చుట్టుపక్కల బల్బులన్నీ ఒక్కసారి కళ్లు చికిలించి, మళ్లీ తేరుకుంటాయి.

ఆ తిండిపోతు క్షణాన్ని ఓర్చుకునేవాడు ఓవర్‌లోడ్ రిలే. అతని కడుపులో రెండు లోహాలు అంటుకుని ఒకే పట్టీగా ఉంటాయి. వేడెక్కితే ఒకటి ఎక్కువ సాగుతుంది, ఒకటి తక్కువ, దాంతో పట్టీ వంగుతుంది. వంగడానికి కొంత సమయం పడుతుంది, అదే అతని ధర్మం. లేచేటప్పటి యాభైని చూసి తొందరపడడు. మామూలుకన్నా ఎక్కువ ఆంపియర్లు ఆగకుండా పారుతుంటే మాత్రం మెల్లగా వంగి, వంగి, కాయిల్ దారిని తెంచేస్తాడు. కోపం ఎంత ఎక్కువైతే అంత త్వరగా. ఇంత కొలతగా కోపగించే మునిని మన పురాణాల్లో నేను చూడలేదు. దుర్వాసుడికి ఇలాంటి పట్టీ ఒకటి ఉండి ఉంటే ఎన్ని కథలు ఆగిపోయేవో.

అసలు రసవత్తర ఘట్టం ఇప్పుడొస్తుంది. వేలు బొత్తం వదిలేసింది, బొత్తం స్ప్రింగు మీద పైకి లేచిపోయింది. కాయిల్‌కు పోయే దారి తెగిపోవాలి కదా? మోటారు ఆగిపోవాలి కదా? ఆగదు. పెద్ద కాంటాక్టులు మూడింటి పక్కన బుల్లి కాంటాక్టు ఒకటుంది, ఎవరూ పట్టించుకోనిది. పై ఇనుము అతుక్కున్నప్పుడే అదీ మూసుకుంది, బొత్తానికి పక్కదారి వేసింది. రాముడు అడవికి వెళ్లాక పాదుకలు రాజ్యం చేసినట్టు, వేలు వెళ్లిపోయాక ఆ బుల్లి కాంటాక్టు మోటారును ఏలుతుంది. కాయిల్ దాన్ని పట్టుకుని ఉంటుంది, అది కాయిల్‌ను పట్టుకుని ఉంటుంది.

శబరి పేరున్న నది ఒడ్డున, రాముడు నడిచిన దారి అని చెప్పుకునే రామారం ఉన్న జిల్లాలో, పాదుకల కన్నా తగిన ఉపమానం నాకు దొరకలేదు. ఒక్క తేడా ఉంది. భరతుడి పాదుకలు పద్నాలుగేళ్లు నిలిచాయి. ఈ పాదుక కరెంటు పోయిన మరుక్షణం పడిపోతుంది. కరెంటు తిరిగొచ్చినా లేవదు, మళ్లీ వేలు రావాలి.

ఈ మరుపే నా నాయకుడి అసలు పరాక్రమం అంటాను. కరెంటు పోయిందని ఎవరో గొట్టం దగ్గర చెయ్యిపెట్టి చెత్త తీస్తుంటారు. అప్పుడు తంతి జీవం పోసుకుంటే? డబ్బాకు పాత ఆజ్ఞ గుర్తుండదు, చెయ్యి మిగులుతుంది. ఎర్ర బొత్తం సంగతీ అంతే. అది ఎప్పుడూ మూసుకుని ఉండి, నొక్కితే దారి విడుస్తుంది. బొత్తం దాకా పోయే వైరును ఎలుక కొరికి తెంపినా మోటారు ఆగిపోతుందే తప్ప ఆగనని మొండికేయదు.

ఇక్కడ కుకవినింద బదులు కుమెకానిక్ నింద చెయ్యక తప్పదు. రిలే మాటిమాటికీ కొట్టేస్తోందని దాని మర చివరికంటా తిప్పేవాడొకడు, రిలేనే తప్పించి నేరుగా వైరు వేసేవాడొకడు. కాంటాక్టులు నిలబడటం లేదని పుల్ల దోపి మూసేవాడికి ఏ నరకం ఉందో గరుడపురాణం వెతకాలి. వీళ్లందరికీ అన్నగారు ఆటోస్టార్టరు. కరెంటు రాగానే తానే ఒత్తుకుంటాడు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు, బాబ్బాబు ఆటోస్టార్టర్లు పీకేయండని రైతులను బతిమాలాల్సి వచ్చింది. అన్ని మోటార్లూ ఒకే క్షణాన లేచి తింటే ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకోదు. కుంభకర్ణుడు ఒక్కడు లేస్తేనే లంక వంటశాల ఖాళీ అయింది, ఊరికి వందమంది లేస్తే?

సోలారు పంపుల వాళ్లు ఈ కావ్యం చదివి నవ్వుకుంటారు. 2016 నవంబరులో మొదలైన సౌర సుజల పథకం ఛత్తీస్‌గఢ్ పొలాలకు ఎండతో తిరిగే పంపులిచ్చింది. ఆ కంట్రోలరు పెట్టెలో 'టక్' శబ్దం లేదు. పని బాగానే చేస్తుంది కానీ, శబ్దం లేని వీరుడి మీద వచనం సాగదు.

చివరిగా శత్రువు. వానగాలికి తీగ మీద కొమ్మ విరిగిపడింది, నీలమ్మ రాలేదు. తిరుగుతున్న మోటారుకు ఇలా జరిగితే మిగతా ఇద్దరి మీదా దాదాపు ఒకటి ముప్పావు రెట్లు భారం పడి, ములుగుతూ తిరుగుతుంది. ఆగి ఉన్నదైతే అసలు లేవదు, హుంకరిస్తూ కాలుతుంది. ఇదంతా గట్టు మీద కూర్చున్న మామకు తెలుసు. అల్లుడికి తెలీదు.

"మామా, కరెంటొచ్చింది. ఒత్తనా?"

"ఒత్తమాకు. రెండు ఫేజులే వచ్చినయ్."

"బల్బు ఎలుగుతాంది గదా?"

"బల్బుకు ఒకటి సాలు. ముందు టెస్టర్ పెట్టి మూడు సూడు, తరవాత ఒత్తు."

అల్లుడు మాట వినే జాతి కాదు, ఒత్తాడు. 'హుమ్మ్' అంది మోటారు. నాలుగైదు సెకన్లలో పట్టీ వంగింది, 'టిక్' మని కాయిల్ దారి తెగింది, పాదుక పడింది, పాక నిశ్శబ్దమైంది. అల్లుడు రీసెట్ నొక్కబోతే మామ చెయ్యి పట్టుకున్నాడు. పట్టీ చల్లారాలి, కొమ్మ తీయడానికి లైన్‌మన్ రావాలి.

లైన్‌మన్ అర్ధరాత్రికి పని ముగించాడు. మూడో ఫేజు వచ్చింది. డబ్బా గోడకు వేలాడుతూ హాయిగా నిద్రపోతూనే ఉంది. లేవాల్సింది మామ. దుప్పటి తన్ని, టార్చి వెతుక్కుంటూ గొణిగాడు:

"దీనికేమో మతిమరుపు. నాకేమో జాగారం."